రక్త పరీక్ష: భయం వద్దు, జాగ్రత్త ముద్దు

ఆరోగ్య కేంద్రం ముందు పెద్ద వేపచెట్టు ఉంది. చెట్టు కింద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ చీటీలు ఉన్నాయి.

ఆ రోజు 9వ తారీఖు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తున్నారు.

ఆ వరుసలో ఒక అత్తా కోడలు ఉన్నారు. కోడలికి నాలుగో నెల. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"అత్తయ్యా, నెత్తురు తీస్తారంట. నాకు భయమేస్తోంది. అసలే ఒంట్లో నెత్తురు లేదంటున్నారు. ఉన్నది కూడా లాగేస్తే ఎట్లా?" అంది కోడలు.

అత్తకు కూడా లోపల భయమే. కానీ పైకి చెప్పలేదు. చేతిలో చీటీ వంక చూసింది. చీటీ మీద కోడలి పేరు ఉంది. పక్కన 46 అని నంబరు ఉంది. అత్త వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. పోయిన ఏడాది వరకూ ఆమెకు చదువు రాదు. రాత్రి బడికి పోయి నేర్చుకుంది.

నంబరు పిలిచారు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

ఎంత రక్తం తీస్తారు?

నర్సమ్మ కోడలిని కుర్చీలో కూర్చోబెట్టింది. భయాన్ని కనిపెట్టింది.

"ఎంత తీస్తామనుకుంటున్నావు? ఒకటి రెండు చిన్న చెంచాలు. అంతే" అంది.

పెద్దవాళ్ళ ఒంట్లో, ఆడవాళ్ళకైతే, సుమారు 4 నుంచి 5 లీటర్ల రక్తం ఉంటుంది. చిన్న చెంచాలో 5 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 4 లీటర్ల రక్తం 800 చెంచాలన్నమాట. పరీక్షకు తీసేది అందులో ఒకటో రెండో. ఆ కాస్త రక్తాన్ని ఒళ్ళు మళ్ళీ తయారు చేసుకుంటుంది. దాని వల్ల నీరసం రాదు.

మరి ఇంత కొద్ది రక్తంలో ఏం తెలుస్తుంది? చాలా తెలుస్తుంది. రక్తం ఎన్ని గ్రాములుందో తెలుస్తుంది. రక్తం ఏ గ్రూపో తెలుస్తుంది. షుగర్ ఉందో లేదో తెలుస్తుంది. తల్లి నుంచి బిడ్డకు అంటుకునే జబ్బులు ఉన్నాయేమో తెలుస్తుంది. ముందే తెలిస్తే తల్లికీ బిడ్డకూ మందు ఇవ్వవచ్చు.

కొన్ని పరీక్షలకు పరగడుపున రావాలి. అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. టీ, కాఫీ కూడా తాగకూడదు. మంచినీళ్ళు తాగవచ్చు. ఏ పరీక్షకు పరగడుపున రావాలో ముందు రోజే అడిగి తెలుసుకోవాలి.

సూది కొత్తదేనా?

నర్సమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది. గ్లౌజులు తొడుక్కుంది. ఒక కాగితపు కవరు తీసింది. కవరు నాలుగు వైపులా అతికించి ఉంది. కోడలి కళ్ళ ముందే కవరు చింపింది. అందులో సిరంజి, సూది ఉన్నాయి.

"ఇట్లా ఎందుకు చూపిస్తున్నావమ్మా?" అని అత్త అడిగింది.

"చూడటం మీ హక్కు పెద్దమ్మా. నేను చూపించకపోయినా మీరు అడగాలి" అంది నర్సమ్మ.

ఒకప్పుడు గాజు సిరంజీలు ఉండేవి. వాటిని నీళ్ళలో మరిగించి మళ్ళీ మళ్ళీ వాడేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ సిరంజీలు వచ్చాయి. ఇవి ఒక మనిషికి ఒక్కసారే వాడాలి. వాడగానే పారేయాలి. మరిగించినా, కడిగినా, స్పిరిట్‌తో తుడిచినా రెండోసారి పనికిరావు. సూది మార్చి సిరంజి అదే వాడినా తప్పే. సిరంజిలో కూడా కంటికి కనపడని రక్తం మిగిలి ఉంటుంది.

వాడిన సూది వాడితే ఏమవుతుంది? ఒకరి రక్తంలో ఉన్న జబ్బు ఇంకొకరికి ఎక్కుతుంది. ఇట్లా పాకే జబ్బుల్లో మూడు ముఖ్యమైనవి. ఒకటి హెపటైటిస్ బి. రెండు హెపటైటిస్ సి. ఈ రెండూ కాలేయాన్ని పాడు చేస్తాయి. కామెర్లు రావచ్చు. మూడోది హెచ్ఐవీ. హెపటైటిస్ బి క్రిమి చాలా మొండిది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉండగలదు.

ఇది ఉత్తి మాట కాదు. గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో 2009లో హెపటైటిస్ బి పాకింది. పదుల మంది చనిపోయారు. వాడిన సూదులు, సిరంజీలు మళ్ళీ వాడటమే కారణమని తేలింది. ఆ జనం జబ్బు నయం చేసుకోవడానికి వెళ్ళి జబ్బు తెచ్చుకున్నారు.

అందుకే సూది ఎవరు పొడిచినా సరే, కవరు కళ్ళ ముందు చింపమని అడగాలి. పెద్ద డాక్టరైనా, ఊళ్ళో సూది మందు ఇచ్చే ఆయనైనా అడగాలి. అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. అడిగితే తప్పు లేదు. అడగకపోతేనే ముప్పు.

నీ పేరేంటమ్మా?

"నీ పేరు చెప్పమ్మా" అంది నర్సమ్మ.

"చీటీలో ఉంది గదా" అంది కోడలు.

"ఉన్నా నువ్వే చెప్పాలి."

కోడలు పేరు చెప్పింది. ఇంటిపేరు కూడా చెప్పింది.

నర్సమ్మ ఇలా అడగడానికి కారణం ఉంది. "నువ్వు లక్ష్మివేనా?" అని అడిగితే భయంలో ఉన్న మనిషి "ఆఁ" అనేస్తుంది. చెవులు సరిగా వినపడని ముసలమ్మ కూడా "ఆఁ" అంటుంది. "నీ పేరేంటి?" అని అడిగితే ఆ మనిషే చెప్పాలి. అప్పుడు పొరపాటు జరగదు.

నర్సమ్మ పక్కన ఒక ట్రే ఉంది. ట్రేలో గొట్టాల్లాంటి చిన్న సీసాలు ఉన్నాయి. వీటిని ట్యూబులు అంటారు. ఒక్కొక్క దాని మీద కాగితం అంటించి, పేరు, నంబరు రాసి ఉన్నాయి. నర్సమ్మ రెండు ట్యూబులు తీసి పక్కన పెట్టింది.

అత్త వంగి చూసింది. కోడలి పేరు ఉంది. పేరు సరిపోయింది. తర్వాత నంబరు చూసింది. 64.

చేతిలో చీటీ చూసుకుంది. 46.

ఒక్క క్షణం ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చింది. రాత్రి బడిలో మొదట్లో ఆమె కూడా అంకెలు తిరగేసి రాసేది. తనే తప్పు చదివిందేమో! అంతమందిలో అడిగితే నవ్వుతారేమో! మళ్ళీ చూసింది. నాలుగు ముందు, ఆరు వెనక. ట్యూబు మీద ఆరు ముందు, నాలుగు వెనక.

"నర్సమ్మా, మా నంబరు 46. ఆ సీసా మీద 64 ఉంది" అంది.

నర్సమ్మ ట్యూబు చేతిలోకి తీసుకుంది. రిజిస్టరు తెరిచింది. 64వ నంబరు దగ్గర కూడా అదే పేరు ఉంది. ఇంటిపేరు వేరు. ఊరు వేరు. ఆమె బయట వేపచెట్టు కింద కూర్చుని ఉంది.

"మంచి పని చేశావు పెద్దమ్మా! తొందరలో ముందే రాసి పెట్టుకున్నాను. అట్లా రాయకూడదు. రక్తం తీసిన వెంటనే, మనిషి ఎదుటే రాయాలి. నాదే పొరపాటు" అంది నర్సమ్మ. ఆ ట్యూబులు తీసి పక్కన పెట్టింది. ఏమీ రాయని కొత్త ట్యూబులు తెచ్చుకుంది.

రెండంకెలు తారుమారైతే ఏమవుతుంది? ఒకరి రక్తానికి ఇంకొకరి పేరు పడుతుంది. రక్తం తక్కువగా ఉన్నామెకు "బాగానే ఉంది" అని చీటీ వస్తుంది. బాగున్నామెకు లేని జబ్బు అంటగడతారు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రక్తం గ్రూపుది. కాన్పులో రక్తం ఎక్కువగా పోతే వేరే వాళ్ళ రక్తం ఎక్కిస్తారు. అది సరిపడే గ్రూపు కావాలి. సరిపడని రక్తం ఎక్కితే ప్రాణమే పోవచ్చు. అందుకే ఎక్కించే ముందు ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేయాలి. అయినా మొదటి ట్యూబు మీద రాసిన పేరు, నంబరు సరిగ్గా ఉండాల్సిందే.

నరమా? సిరా?

నర్సమ్మ కోడలి చెయ్యి చాపించింది. మోచేతి మడత దగ్గర వేలితో తడిమింది.

"నరం దొరికిందా?" అని అత్త అడిగింది.

ఊళ్ళలో అందరూ "నరం" అనే అంటారు. నిజానికి రక్తం తీసేది నరం నుంచి కాదు. నరంలో రక్తం ఉండదు. నొప్పి, వేడి, చల్లదనం మనకు తెలిసేది నరాల వల్ల. రక్తం పారేవి రక్తనాళాలు. అవి ముఖ్యంగా రెండు రకాలు.

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకుపోయేది ధమని. అది టక్ టక్ మని కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర డాక్టరు నాడి పట్టి చూసేది దాన్నే.

ఒంటి నుంచి గుండెకు రక్తం తిరిగి తీసుకువచ్చేది సిర. చర్మం కింద నీలంగా, ఆకుపచ్చగా కనిపించేవి సిరలే. అవి కొట్టుకోవు. మామూలు పరీక్షలకు రక్తం తీసేది సిర నుంచే. మోచేతి మడతలో సిర లావుగా, పైపైనే ఉంటుంది. అందుకే అక్కడ తీస్తారు.

కొన్నిసార్లు సిర దొరకదు. ఒక్కసారి పొడిచినా రాకపోతే ఇంకోసారి ప్రయత్నిస్తారు. రెండుసార్లూ రాకపోతే ఆ మనిషే మళ్ళీ మళ్ళీ పొడవకూడదు. "ఇంకొకరిని పిలవండమ్మా" అని అడగవచ్చు.

సెలైను ఎక్కుతున్న చేతికి రక్తం తీయకూడదు. రొమ్ము తీసేసే ఆపరేషన్ అయినవాళ్ళకు అటువైపు చేతికి తీయకూడదు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేతికి అసలే తీయకూడదు. ఈ సంగతులు రక్తం తీసేవారికి ముందే చెప్పాలి.

ఎలా తీస్తారు?

మోచేతి మడతకు నాలుగైదు వేళ్ళ పైన నర్సమ్మ రబ్బరు పట్టీ కట్టింది. పట్టీ కడితే సిర ఉబ్బి బాగా కనిపిస్తుంది. పట్టీని ఒక నిమిషం కన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. ఎక్కువసేపు ఉంచితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పరీక్ష ఫలితం కూడా మారిపోవచ్చు. పిడికిలి మెల్లగా మూసి ఉంచితే చాలు. పదే పదే తెరిచి మూయకూడదు.

తర్వాత స్పిరిట్ దూదితో చర్మం తుడిచింది. అర నిమిషం ఆగింది. తడి దానంతట అదే ఆరాలి. అప్పుడే క్రిములు చస్తాయి. తడి ఆరకముందే పొడిస్తే భగ్గుమని మండుతుంది. నోటితో ఊదకూడదు. తుడిచిన చోట మళ్ళీ వేలు పెట్టకూడదు.

"చీమ కుట్టినట్టు ఉంటుంది. చెయ్యి కదపకు" అని చెప్పి సూది గుచ్చింది. సిరంజిలోకి రక్తం వచ్చింది. ముందు రబ్బరు పట్టీ వదులు చేసింది. ఆ తర్వాతే సూది బయటికి తీసింది. పట్టీ బిగించి ఉండగా సూది తీస్తే చర్మం కింద రక్తం చేరి నల్లగా కములుతుంది.

రక్తాన్ని రెండు ట్యూబుల్లో నింపింది. ఒకదాని మూత ఎరుపు. ఇంకొకదాని మూత వంకాయ రంగు.

ఆ రంగులు అందం కోసం కాదు. రంగును బట్టి లోపల మందు మారుతుంది. వంకాయ రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. రక్తం ఎన్ని గ్రాములుందో అందులో చూస్తారు. ఎరుపు మూత దాంట్లో రక్తం గడ్డకడుతుంది. పైకి తేలిన నీటితో కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు. బూడిద రంగు మూత షుగర్ పరీక్షకు. మందు ఉన్న ట్యూబును మెల్లగా కిందికీ పైకీ తిప్పాలి. గట్టిగా ఊపితే రక్త కణాలు పగిలిపోతాయి. అప్పుడు మళ్ళీ రక్తం తీయాల్సి వస్తుంది.

చివరికి నర్సమ్మ ట్యూబుల మీద పేరు, నంబరు, తారీఖు రాసింది. అత్తకు చూపించింది. "చదువు పెద్దమ్మా" అంది. అత్త చదివింది. 46.

కొన్ని పరీక్షలకు సిర దాకా పోనక్కరలేదు. మలేరియా పరీక్షకు వేలి చివర పొడిచి ఒకటి రెండు చుక్కలు తీస్తే చాలు. వేలి మధ్యలో కాకుండా కాస్త పక్కకు పొడుస్తారు. అక్కడ నొప్పి తక్కువ. అక్కడ కూడా మనిషి మనిషికీ కొత్త సూదే వాడాలి.

తీసిన తర్వాత

నర్సమ్మ సూది తీసిన చోట దూది పెట్టింది.

"గట్టిగా నొక్కి పట్టుకో. చెయ్యి చాపే ఉంచు" అంది.

చాలామంది మోచెయ్యి మడిచేస్తారు. అలా మడవకూడదు. మడిస్తే నెత్తురు చర్మం కిందికి చేరి కములుతుంది. రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచాలి. రుద్దకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఇంకా ఎక్కువసేపు నొక్కాలి.

కొందరికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ముందే చెబితే పడుకోబెట్టి తీస్తారు. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోబెట్టాలి. కాళ్ళు ఎత్తు మీద పెట్టాలి. నెలలు నిండుతున్న గర్భిణీని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా తాగించకూడదు.

నర్సమ్మ వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టలేదు. మూత పెట్టబోతే తన వేలికే గుచ్చుకోవచ్చు. సూదిని గట్టి తెల్లని డబ్బాలో వేసింది. రక్తం అంటిన దూది పసుపు రంగు సంచిలో వేసింది. గ్లౌజులు ఎర్ర సంచిలో వేసింది. 2016లో వచ్చిన ప్రభుత్వ నియమాల ప్రకారం ఆసుపత్రి చెత్తను ఇలా రంగుల వారీగా వేరు చేయాలి.

ఈ జాగ్రత్త నర్సమ్మ ఒక్కతి కోసమే కాదు. ఆసుపత్రి ఊడ్చే ఆయమ్మ కోసం. చెత్త ఎత్తే మనిషి కోసం. కుప్పల్లో కాగితాలు ఏరుకునే పిల్లల కోసం. ఇంట్లో షుగర్‌కు ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు కూడా సూదులు చెత్తలో పడేయకూడదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టాలి. డబ్బా ఆసుపత్రిలో ఇవ్వాలి.

ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలి. పిండకూడదు. నోట్లో పెట్టుకోకూడదు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్ఐవీ రాకుండా మందు ఉంది. 2 గంటల లోపల మొదలుపెడితే మరీ మంచిది. 72 గంటలు దాటితే ఆ మందు పనిచేయదు. 28 రోజులు మానకుండా వాడాలి. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల ఆ టీకా వేయించాలి.

ఏ పరీక్షో చెప్పాలి

రక్తం ఎందుకు తీస్తున్నారో అడగవచ్చు. చెప్పడం వాళ్ళ బాధ్యత. హెచ్ఐవీ పరీక్షకైతే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా చేయకూడదు. ఫలితం ఊరంతా చెప్పకూడదు. 2017లో దీనికి చట్టం వచ్చింది.

రెండు రోజుల తర్వాత అత్త ఒక్కతే ఫలితం తీసుకోవడానికి వెళ్ళింది. నర్సమ్మ కాగితం ఇచ్చింది. అత్త ముందు నంబరు చూసింది. 46. తర్వాత పేరు, ఇంటిపేరు చూసింది. ఆ తర్వాతే కింద చూసింది. హిమోగ్లోబిన్ 9 అని ఉంది.

"ఒంట్లో తొమ్మిది గ్రాముల నెత్తురేనా?" అంది కంగారుగా.

"కాదు పెద్దమ్మా. నెత్తురు ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్ల. 100 మిల్లీలీటర్ల నెత్తురులో అది 9 గ్రాములు ఉందని అర్థం. గర్భిణీకి 11 అయినా ఉండాలి. 7 కన్నా తగ్గితే చాలా ప్రమాదం. ఇప్పుడే తెలిసింది కాబట్టి మంచిదైంది. ఐరన్ మాత్రలు ఇస్తాను. మానకుండా వేసుకోమను. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు పెట్టు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం" అంది నర్సమ్మ.

అత్త మాత్రలు కొంగున కట్టుకుంది. బయటికి వస్తుంటే వేపచెట్టు కింద ఒకామె చీటీ పట్టుకుని కూర్చుని ఉంది. చీటీ తలకిందులుగా ఉంది.

అత్త ఆమె పక్కన కూర్చుంది. చీటీని సరిగ్గా తిప్పింది.

"నీ నంబరు ఎంతో చూద్దాం రా చెల్లీ" అంది.

గుర్తు పెట్టుకోవలసిన మాటలు

సిర: గుండెకు రక్తం తిరిగి తెచ్చే నాళం. పరీక్షకు రక్తం తీసేది దీని నుంచే.
ధమని: గుండె నుంచి రక్తం తీసుకుపోయే నాళం. ఇది కొట్టుకుంటుంది.
నరం: నొప్పి, వేడి తెలియజేసేది. ఇందులో రక్తం ఉండదు.
ట్యూబు: పరీక్షకు రక్తం నింపే చిన్న గొట్టం సీసా.
హిమోగ్లోబిన్: రక్తాన్ని ఎర్రగా ఉంచేది. ఇది తగ్గితే రక్తహీనత.
పరగడుపు: ఏమీ తినకుండా ఉండటం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కవరు కళ్ళ ముందు చింపమని ఎందుకు అడగాలి?
2. 46కు బదులు 64 అని ఉంటే ఏం జరిగేది?
3. మీ ఊళ్ళో వాడిన సూదులు ఎక్కడ పడేస్తున్నారు?
4. మీ ఇంట్లో పరీక్ష చీటీ ఉంటే తీయండి. పేరు, నంబరు, తారీఖు చదవండి.